బర్మాలో పోయాడనుకున్న ముత్తాత కోసం

ఉత్తరాంధ్రలో సంక్రాంతిని పెద్దల పండుగ అంటారు. నట్టింట్లో పీట వేసి, అంచుకు పసుపు పెట్టిన కొత్త పంచెలు, చీరలు దాని మీద పేరుస్తారు. ముందు విస్తరి వేసి, వండినవన్నీ వడ్డించి, సాంబ్రాణి పొగ వేస్తారు. పోయినవాళ్లను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తారు. మా అమ్మమ్మ ఇంట్లో ఆ పీట మీద ఒక పంచె మాత్రం మిగిలినవాటికి నాలుగు వేళ్ల ఎడంగా ఉండేది. అది మా ముత్తాతది, అంటే అమ్మమ్మ వాళ్ల నాన్నది. చిన్నప్పుడు నేను దాన్ని సర్ది మిగతా బట్టలతో కలిపితే, అమ్మమ్మ మాట్లాడకుండా మళ్లీ పక్కకు జరిపేది.

ఆ ఎడం మా తాతమ్మ వల్ల వచ్చినది. ఆమె బతికినన్నాళ్లూ భర్తకు పంచె పెట్టనివ్వలేదట. యుద్ధంలో పోయాడని కాగితం వచ్చింది. నెలనెలా పింఛను వచ్చింది. వేలిముద్ర వేసి ఆ డబ్బు తీసుకుంది, బిడ్డను పెంచింది. అయినా బొట్టు తీయలేదు. ‘‘కళ్లతో చూసినవాళ్లు ఒక్కరైనా వచ్చి చెప్పారా?’’ అని అడిగేదట. అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆమె పోయాక అమ్మమ్మ పంచె పెట్టడం మొదలుపెట్టింది, కానీ తల్లి మాట తీసెయ్యలేక కాస్త పక్కగా పెట్టింది. అమ్మమ్మ ఒక్కతే సంతానం కాబట్టి తాతయ్యను ఇల్లరికం తెచ్చుకున్నారు. అందుకే ఆ పీట, ఆ పంచె ఆ ఇంట్లోనే ఉండిపోయాయి.

2022 సంక్రాంతికి అమ్మమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ‘‘పిల్లలకు యుద్ధాల పాఠం చెబుతావు కదా. మా అయ్య ఎక్కడ పోయాడో కనుక్కోగలవా తల్లీ?’’ అని అడిగింది. నేను విశాఖపట్నంలో సాంఘిక శాస్త్రం టీచర్ని. రెండో ప్రపంచ యుద్ధం పాఠం ఏటా చెబుతాను. హిట్లర్, పెర్ల్ హార్బర్, హిరోషిమా అన్నీ చెబుతాను. ఆ యుద్ధంలో దాదాపు 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో పనిచేశారని, సుమారు 87,000 మంది చనిపోయారని కూడా ఒక వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోతాను. ఆ 87,000లో ఒకరు మా ఇంటి మనిషి అని తెలిసి కూడా ఇన్నేళ్లు నేను ఆయన కోసం ఒక్క కాగితం తిప్పలేదు. ఆ రోజు అమ్మమ్మ అడిగాక చాలా సిగ్గుపడ్డాను.

ఇంట్లో ఉన్న ఆధారాలు రెండే. ట్రంకుపెట్టె అడుగున, తాతమ్మ పెళ్లి చీర మడతలో ఉండేవి. మొదటిది పతకం. ఆరు మొనల కంచు రంగు నక్షత్రం, మధ్యలో కిరీటం, దాని కింద అల్లుకున్న ఇంగ్లీషు అక్షరాలు, చుట్టూ ‘ది బర్మా స్టార్’ అని రాసి ఉంది. పైన రిబ్బను ముదురు నీలం, నడుమ ఎరుపు పట్టీ, నీలం మధ్యలో సన్నగా నారింజ రంగు గీతలు. మొనలు అరిగి గుండ్రమైపోయాయి. అమ్మమ్మ చిన్నప్పుడు అది వాళ్లయ్య పంపిన బొమ్మ అనుకుని తాడు కట్టి మెడలో వేసుకుని ఆడుకునేదట. ఆ నక్షత్రం మీద ‘బర్మా’ అని ఉంది కాబట్టే ఊళ్లో చదువు వచ్చినవాళ్లు ‘బర్మాలో పోయాడు’ అన్నారు. ఇంట్లోవాళ్లు అదే నమ్మారు. మా వైపు జనానికి బర్మా కొత్త కాదు. తరతరాలుగా కూలికి రంగూన్ వెళ్లి వచ్చేవారు. అక్కడ తెలుగువాళ్లను కోరంగి రేవు పేరుతో కోరంగీలు అనే పిలిచేవారు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

రెండోది పింఛను కాగితం. నాలుగు మడతలు పడి, మడతల దగ్గర చినిగి, ఒక మూల చెదలు తినేసిన ఇంగ్లీషు టైపు కాగితం. దాని మీద ‘రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్’ అని ఉంది, అంటే సైన్యానికి సరుకులు చేరవేసే విభాగం. సర్వీసు నంబరులో మొదటి నాలుగు అంకెలు మిగిలాయి. పేరు ఉన్న చోటే చెదలు పట్టింది.

పేరు తెలియకపోవడం ఏమిటి అని మీకు అనిపించవచ్చు. తాతమ్మ భర్త పేరు నోటితో అనేది కాదు. ఆ కాలం ఆడవాళ్లు ఎవరూ అనరు. అమ్మమ్మ పుట్టిన మూడు నెలలకే ఆయన పోయాడు. అమ్మమ్మ బడి మొహం చూడలేదు కాబట్టి బడి రికార్డుల్లో తండ్రి పేరు లేదు. ‘సింహాచలం అప్పన్న పేరు’ అన్నది మాత్రం అందరికీ గుర్తు. ఆ స్వామి పేరు మా ప్రాంతంలో ఇంటికొకరికి ఉంటుంది. అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, సింహాద్రి, సింహాచలం... వీటిలో ఏది? తాతమ్మ వరస అన్న కొడుకు ఒకాయన తొంభై ఏళ్లవాడు పక్క ఊళ్లో ఉన్నాడని తెలిసి వెళ్లాం. ఆయన చాలాసేపు ఆలోచించి, ‘అప్పల’తో మొదలవుతుందని మాత్రం గట్టిగా చెప్పాడు. లారీ నడిపేవాడని, సెలవుకు వచ్చినప్పుడు కాకీ నిక్కరు, తోలు బూట్లు వేసుకుని పొలం గట్టు మీద నడుస్తుంటే పిల్లలంతా వెనక పరిగెత్తారని చెప్పాడు. ఆయన వర్ణించిన ఆ బూట్లు తప్ప మా ముత్తాత రూపం గురించి మాకు వేరే ఏదీ దొరకలేదు. ఫోటో లేదు.

సైన్యంలో ఎందుకు చేరాడో కూడా ఆయనే చెప్పాడు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖ నుంచి జనం మూటాముల్లే కట్టుకుని లోపలి ఊళ్లకు వచ్చేశారు. బర్మా నుంచి బియ్యం రావడం ఆగిపోయి ధరలు మండిపోయాయి. ముత్తాతకు సెంటు భూమి లేదు. ఆ వేసవిలో మనుషులను చేర్చుకునేవాళ్లు వస్తే పేరు ఇచ్చాడు. రాజు మీద భక్తితో కాదు, రెండు పూటలా అన్నం కోసం. అదే ఏడాది ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. ఈ విషయం నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. మా ముత్తాత తెల్లవాళ్ల సైన్యంలో ఉన్నాడు. అవతలి పక్షాన ఆజాద్ హింద్ ఫౌజ్‌లోనూ మన దేశంవాళ్లే ఉన్నారు. స్వాతంత్ర్య సమరయోధుల పలకల మీద ఆయన పేరు ఉండదు, అది ఆయన చోటు కాదు కూడా. కానీ ఏ పలక మీదా చోటు లేనంత పరాయివాడా? కడుపు కోసం వెళ్లి, తిరిగి రాని మనిషిని ఇంటివాళ్లు కూడా వదిలేస్తే ఇంకెవరు తలుచుకుంటారు?

మొదట ఒక రికార్డు కార్యాలయానికి ఉత్తరం రాశాను. పింఛను కాగితం నకలు జతచేశాను. ఎనిమిది నెలలు జవాబు లేదు. తర్వాత వచ్చిన రెండు వాక్యాల జవాబులో పూర్తి పేరు, పూర్తి నంబరు లేకుండా వెతకలేమని ఉంది. వాళ్ల తప్పని అనను, కానీ ఆ ఎనిమిది నెలలూ అమ్మమ్మ వారానికోసారి ‘ఉత్తరం వచ్చిందా’ అని అడిగేది.

ఆ ఎదురుచూపులో ఉండగానే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ గురించి చదివాను. 1917లో ఏర్పడిన సంస్థ అది. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన కామన్వెల్త్ దేశాల సైనికులు సుమారు 17 లక్షల మంది పేర్లు వాళ్ల దగ్గర ఉన్నాయి. ఆ జాబితాలో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. నేను చేసిన మొదటి తప్పు ‘బర్మా’ అన్న మాటను నమ్ముకోవడం. యాంగోన్ (పాత రంగూన్) దగ్గర తాక్యాన్ శ్మశానవాటికలో రంగూన్ స్మారకం ఉంది. సమాధి అంటూ లేని దాదాపు 27,000 మంది పేర్లు దాని మీద ఉన్నాయి. బడి అయ్యాక రోజూ రాత్రి గంటన్నర ఆ జాబితా ముందు కూర్చునేదాన్ని. ‘అప్పల’ అన్న ఒక్క మాటనే గుమాస్తాలు ఎన్ని రకాలుగా రాశారో! ఒకచోట ఒక ‘పి’, ఒకచోట రెండు. ‘స్వామి’ని విడగొట్టి ఇంటిపేరు గడిలో పెట్టినవి, ‘నాయుడు’ని పేరుగా తీసుకున్నవి, అసలు ఇంటిపేరే లేనివి. మన ఇంటిపేరు ముందు వస్తుందని, అసలు పేరు వెనక వస్తుందని ఆ రాసినవాళ్లకు తెలియదు. నాలుగు నెలలు గడిచాయి. మా ఊరి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కనిపించారు కానీ మావాడు దొరకలేదు.

దారి చూపింది మా తమ్ముడు. ‘‘అక్కా, ఆయన పేరుతో కాదు, ఊరి పేరుతో వెతుకు’’ అన్నాడు. ఆ జాబితాలో ప్రతి పేరు కింద అదనపు వివరం అని ఒక వరుస ఉంటుంది. ఫలానావారి కుమారుడు, ఫలానామె భర్త, ఫలానా ఊరు అని కొందరికి రాసి ఉంటుంది. ఆ వరుసలో కూడా వెతకవచ్చు. నేను ‘విజయనగరం జిల్లా’ అని కొట్టి చూసి ఏమీ రాక నిరాశపడ్డాను. సాంఘిక శాస్త్రం టీచర్ని అయి ఉండి మరిచిపోయాను: విజయనగరం జిల్లా పుట్టింది 1979లో. శ్రీకాకుళం జిల్లా 1950లో. 1944లో మా చీపురుపల్లి ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లా, ఆ పేరును ఇంగ్లీషువాళ్లు ‘వైజాగపటం’ అని రాసేవారు. మీ ఇంట్లోనూ ఇలాంటి మనిషి ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. ఇవాళ్టి జిల్లా పేరుతో వెతకకండి, ఆనాటి పేరుతో, ఆనాటి అక్షరాలతో వెతకండి. కృష్ణాను కూడా పాత కాగితాల్లో ‘కిస్ట్నా’ అని రాశారు. కొన్నిచోట్ల ఉత్త ‘మద్రాసు’ అనే ఉంటుంది. తెలంగాణవాళ్లయితే భారత సైన్యంతో పాటు హైదరాబాద్ సంస్థానం దళాలను కూడా చూడాలి. నిజాం సంస్థానపు పటాలం ఒకటి 1941 డిసెంబరులో మలయా (ఇప్పటి మలేషియా) తీరాన కోటా బారులో జపాన్‌వాళ్లకు ఎదురుగా మోహరించి ఉంది. సంస్థానాల సైనికుల పేర్లు కూడా అదే కమిషన్ జాబితాలో ఉంటాయి.

‘వైజాగపటం’, సర్వీస్ కోర్, మా ఊరి పేరులో మొదటి నాలుగు అక్షరాలు. ఈ మూడూ కలిపి కొట్టాను. 2023 మార్చి నెల, రాత్రి పదకొండు దాటింది. తెర మీద ఒక్క పేరు వచ్చింది.

సిపాయి. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్. మరణించిన తేదీ 16 మే 1944. నంబరులో మొదటి నాలుగు అంకెలు చెదలు తిన్న కాగితంలో ఉన్నవే. కింద అదనపు వివరంలో ఫలానా వారి కుమారుడు, ఆ తర్వాత ‘భర్త’ అని, దాని పక్కన మా తాతమ్మ పేరు. అక్షరాలు కాస్త అటూఇటూ అయినా ఆమె పేరే. ఆపైన మా ఊరు.

నేను ఎంతసేపు అలా చూస్తూ కూర్చున్నానో తెలియదు. బతికినన్నాళ్లూ ఆయన పేరు పలకని మనిషి, ఆయన పేరు కిందనే ఉంది. వేలిముద్ర తప్ప సంతకం తెలియని మనిషి పేరును ఎక్కడో ఒక గుమాస్తా టైపు కొట్టి, ఎనభై ఏళ్లు భద్రంగా దాచారు.

అప్పుడు గానీ స్మారకం పేరు చూడలేదు. రంగూన్ కాదు. ‘కొహిమా క్రిమేషన్ మెమోరియల్, ఇండియా’. ఆయన బర్మాలో పోలేదు. దేశం దాటనే లేదు. బర్మా స్టార్ అన్నది బర్మా యుద్ధరంగంలో పనిచేసిన వాళ్లకు ఇచ్చిన పతకం, అస్సాం వైపు పనిచేసినవాళ్లకూ వచ్చింది. కొహిమా అప్పట్లో అస్సాంలోని నాగా కొండల జిల్లాలో ఉండేది. ఆ ఒక్క మాట ఎనభై ఏళ్లు మమ్మల్ని వేరే దేశం వైపు చూసేలా చేసింది.

తెల్లవారగానే ఊరికి ఫోన్ చేశాను. అమ్మమ్మ విని, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘మా అమ్మ పేరు కూడా రాశారా?’’ అని అడిగింది. మూడుసార్లు అదే అడిగింది.

దసరా సెలవుల్లో తమ్ముడూ నేనూ బయలుదేరాం. నాగాలాండ్ వెళ్లాలంటే బయటి రాష్ట్రాలవాళ్లకు ఇన్నర్ లైన్ పర్మిట్ ఉండాలి. దాన్ని ముందే ఇంటర్నెట్‌లో దరఖాస్తు చేసి తీసుకున్నాం. విశాఖపట్నంలో కన్యాకుమారి నుంచి దిబ్రూగఢ్ వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. అది దిమాపూర్ మీదుగానే వెళుతుంది. విజయనగరం దాటాక చీపురుపల్లి స్టేషను వచ్చింది. రైలు అక్కడ ఆగలేదు. పసుపు బోర్డు కిటికీ ముందు నుంచి ఒక్క క్షణంలో వెనక్కి పోయింది. మా ముత్తాత ఆఖరుసారి రైలెక్కింది ఆ స్టేషనులోనే. చంటిబిడ్డ కడుపులో ఉన్న తాతమ్మ, అత్తగారు ఎడ్లబండిలో అక్కడి వరకు వచ్చారని అమ్మమ్మ చెప్పేది.

అమ్మమ్మ మాతో రెండు పంపింది. పసుపు పెట్టిన పంచె ఒకటి, నువ్వుల అరిసెల డబ్బా ఒకటి. ‘‘అక్కడ మనవాళ్లు ఎవరైనా ఉన్నారా?’’ అని బయలుదేరేముందు అడిగింది. చూసి చెబుతానన్నాను.

దిమాపూర్ స్టేషన్‌కు యుద్ధకాలంలో మణిపూర్ రోడ్ అని పేరు. అక్కడి నుంచి కొండల్లోకి ఒకటే రోడ్డు, కొహిమా మీదుగా ఇంఫాల్‌కు. ఇంఫాల్‌లో ఉన్న సైన్యానికి తిండి, మందుగుండు, పెట్రోలు అన్నీ ఆ రోడ్డు మీద లారీల్లోనే వెళ్లాలి. దిమాపూర్‌లో సరుకు నిల్వలు పదకొండు మైళ్ల పొడవున, మైలు వెడల్పున పరుచుకుని ఉండేవి. 1944 ఏప్రిల్ మొదటి వారంలో జపాన్ 31వ డివిజన్ కొహిమాను చుట్టుముట్టి ఆ రోడ్డును తెంపేసింది. కొహిమాలో పోరు ఏప్రిల్ 4న మొదలైంది. జూన్ 22న గానీ రోడ్డు మళ్లీ తెరుచుకోలేదు. మేం సుమోలో ఆ డెబ్భై చిల్లర కిలోమీటర్లూ ఎక్కుతుంటే మలుపు మలుపుకీ లోయ వైపు చూశాను. ఇవాళ రోడ్డు వెడల్పు చేశారు. అప్పట్లో ఇంత వెడల్పు లేదు, వాన పడితే కొండ చరియ మీదికి వచ్చేది. చదును పొలాల్లో ఎడ్లబండి తోలిన మనిషి, అంతకుముందు కొండ రోడ్డు చూసి ఉండడు, ఆ మలుపుల్లో లారీ తిప్పాడు.

కొహిమా యుద్ధ శ్మశానవాటిక ఊరి నడుమ, గారిసన్ హిల్ వాలు మీద మెట్లు మెట్లుగా ఉంటుంది. 1,420 సమాధులు. గడ్డి కత్తిరించినంత చదునుగా, ప్రతి రాయి ముందూ పూల మొక్క. జిల్లా డిప్యూటీ కమిషనర్ బంగళా తాలూకు టెన్నిస్ కోర్టు గీతలు సిమెంటుతో అలాగే ఉంచారు. ఆ కోర్టు ఇటు పక్క ఒకరు, అటు పక్క ఒకరు నిలిచి వారాల తరబడి బాంబులు విసురుకున్నారు. ‘మీరు ఇంటికి వెళ్లి మా గురించి చెప్పండి’ అన్న మాటలున్న రాయి కూడా అక్కడే ఉంది. దాని ముందు అందరూ ఫోటో దిగుతారు. మాకు మాత్రం మా ఇంటికి ఎవరూ వచ్చి చెప్పలేదన్నదే గుర్తొచ్చింది. తాతమ్మ ఎదురుచూసింది ఆ ఒక్క పని కోసమే కదా.

ఆ కొండల పేర్ల గురించి చెప్పాలి. కొహిమా యుద్ధం గురించి చదివితే జీపీటీ రిడ్జ్, ఎఫ్‌ఎస్‌డీ హిల్, డీఐఎస్ హిల్ అన్న పేర్లు పదే పదే వస్తాయి. ఒక్కో గుట్ట కోసం వందల మంది చనిపోయారు. నేను మొదట అవేవో సైనిక రహస్య సంకేతాలు అనుకున్నాను. కావు. జీపీటీ అంటే సరుకు లారీల విభాగం, వాళ్ల శిబిరం ఉన్న గుట్ట. ఎఫ్‌ఎస్‌డీ అంటే తిండి సామాను నిల్వ చేసిన డిపో. డీఐఎస్ అంటే రేషన్ పంచిపెట్టే కొట్టు. అంటే యుద్ధం రాకముందు అక్కడ ఉన్నది లారీలు నడిపేవాళ్లు, బస్తాలు మోసేవాళ్లు, బియ్యం కొలిచేవాళ్లు. పుస్తకాల్లో తుపాకులు పట్టినవాళ్ల పటాలాల పేర్లు ఉంటాయి. కొండల మీద మాత్రం మా ముత్తాత లాంటివాళ్ల పని పేర్లు మిగిలిపోయాయి. ఇది తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఎవరికైనా చెబితే అర్థం కాదేమోనని తమ్ముడికి ఒక్కడికే చెప్పాను. ఇప్పుడు ఆ గుట్టల నిండా ఇళ్లు, దుకాణాలు. జీపీటీ రిడ్జ్ ఏదో అక్కడి తోటమాలి చెయ్యి చాచి చూపించాడు. డాబాల మీద బట్టలు ఆరేసి ఉన్నాయి.

దహన స్మారకం శ్మశానవాటికలో అన్నిటికంటే ఎత్తున ఉంది. హిందూ, సిక్కు సైనికులను వాళ్ల ఆచారం ప్రకారం దహనం చేశారు కాబట్టి సమాధులు లేవు, పేర్లే ఉన్నాయి. 917 పేర్లు. పటాలాల వారీగా రాశారు. సర్వీస్ కోర్ పేర్ల వరుస చాలా పొడవు. నేను పైనుంచి, తమ్ముడు కిందినుంచి చదువుతూ వచ్చాం. దాదాపు ఇరవై నిమిషాలు పట్టింది. చివరికి తమ్ముడు ‘‘అక్కా’’ అన్నాడు, అంతే.

పేరును రెండు ముక్కలు చేసి, ఒక అక్షరం ఎక్కువ వేసి రాశారు. అయినా ఆయనే. అక్షరాల మీద వేలు పెట్టాను. పొద్దుటి మంచుకు చల్లగా, తడిగా ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయి ఉంటే ఈ అక్షరాలు కూడా దక్కేవి కావేమో. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద తెల్ల సైనికుల పేర్లు చెక్కి, మామూలు భారతీయ సిపాయిల పేర్లు చెక్కకుండా ఇంతమంది అని అంకె వేశారు. ఆఫ్రికా, ఆసియా సైనికుల పట్ల జరిగిన ఆ వివక్షకు కమిషన్ 2021లో క్షమాపణ చెప్పింది. అంకెగా మిగలడం అంటే ఏమిటో ఆ గోడ ముందు నిలబడ్డప్పుడు నాకు తెలిసింది.

తోటమాలిని అడిగి, తెల్ల కాగితం ఆ పేరు మీద పెట్టి పెన్సిలుతో మెల్లగా రుద్దాను. బూడిద రంగులో ఒక్కో అక్షరం తేలింది. తమ్ముడు పంచెను విప్పి ఆ పేరు కింద కాసేపు పరిచాడు. అరిసెలు ఆకులో పెట్టి, దణ్ణం పెట్టుకుని, తర్వాత తోటపని చేసేవాళ్లందరికీ పంచాం. వాళ్లకు అరిసె తెలియదు, మాకు వాళ్ల భాష తెలియదు. ఒక పెద్దాయన మాత్రం హిందీలో ‘‘ఎవరు?’’ అని అడిగి, ‘‘అమ్మమ్మ వాళ్ల నాన్న’’ అంటే తల పంకించి, తన టోపీ తీసి పట్టుకుని ఆ గోడ ముందు మాతోపాటు నిలబడ్డాడు.

అక్కడి నుంచే అమ్మమ్మకు వీడియో కాల్ చేశాం. సిగ్నల్ తెగిపోతూ వచ్చింది. పేరు చూపించాను. అక్షరాలు చదవడం రాదు కాబట్టి వేలితో ఒక్కొక్కటీ చూపిస్తూ పలికాను. ఆమె ఏడుస్తుందని అనుకున్నాను. ఏడవలేదు. ‘‘ఆ పక్కన ఎవరున్నారు?’’ అంది. పైపేరు, కింది పేరు చదివాను. ‘‘ఇంకా?’’ అంది. ఆ వరుసలో మన చెవికి మన ఊరిపేర్లలా వినిపించినవన్నీ చదివాను. ‘‘అవి రాసుకుని తీసుకురా’’ అంది. ఫోన్ పెట్టేశాక డైరీలో రాసుకున్నాను. పదకొండు పేర్లు.

ఆయన ఎలా పోయాడన్నది ఆ జాబితాలో లేదు, తేదీ మాత్రమే ఉంది. ఆ వారంలో జైల్ హిల్, డీఐఎస్ హిల్, టెన్నిస్ కోర్టు మళ్లీ చేతికి వచ్చాయి. మే నెల వానలు మొదలయ్యాయి. ఇక్కడితో నేను ఆగిపోవాలనుకున్నాను. గుండు తగిలిందా, లారీ లోయలో పడిందా, జ్వరమా అని అమ్మమ్మ ముందు ఊహలు అల్లడం నాకు ఇష్టం లేదు. ఊరికి వచ్చాక పురోహితుడికి తేదీ చూపిస్తే పంచాంగం లెక్క కట్టి, తారణ నామ సంవత్సరం వైశాఖ బహుళం అని చెప్పి తిథి రాసిచ్చారు. అన్నేళ్లుగా తిథి లేని మనిషికి తిథి దొరికింది.

2024 సంక్రాంతి నాడు పీట వేశాం. కొహిమా వెళ్లి వచ్చిన పంచెనే అమ్మమ్మ తన చేత్తో తెచ్చి, తాతమ్మ చీర పక్కన, రెండూ తగిలేలా పెట్టింది. పెన్సిలు కాగితాన్ని చట్రంలో కట్టించాం, అది వెనక గోడకు ఆనించి ఉంది. ఎనభయ్యో ఏట ఆమె తండ్రిని పూర్తి పేరుతో పిలవడం నేను మొదటిసారి విన్నాను. వెంటనే తల్లిని పిలిచింది. సాంబ్రాణి వేశాక నా వైపు తిరిగి, ‘‘ఆ పక్కవాళ్ల పేర్లు తెచ్చావు కదా, చదువు’’ అంది.

డైరీ తెరిచి చదివాను. ఒక్కొక్క పేరు విన్నప్పుడల్లా ఆమె ఆగి, ఆ పేరును తన నోటితో ఒకసారి అని, విస్తరిలో ఒక ముద్ద పెట్టింది. పదకొండు ముద్దలు.